నాయకుల నిజాయితీకి కొత్త చట్టాలు కావాలా, ఉన్న చట్టాలే ఎక్కువయ్యాయా?

ప్రశ్న (కె.ఆర్. పురం, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా కుటుంబం పలమనేరు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడి చాలా కాలమైంది. మా అపార్టుమెంటు సంఘంలో తెలుగువాళ్లం ఎక్కువ. ట్యాంకరు నీళ్ల బిల్లులతో మొదలైన సమావేశం రాజకీయాల దాకా వెళ్లడం మాకు మామూలే. ఈ మధ్య అలాంటి సమావేశంలో ఒక పెద్దాయన, ఎన్నికల ముందు అబద్ధాలు చెప్పిన నాయకుడికి జైలుశిక్ష పడేలా గట్టి చట్టం వస్తే తప్ప రాజకీయాల్లో నిజాయితీ రాదన్నారు. చిన్నచిన్న ఇళ్లు కట్టించే మరొకాయన దానికి ఒప్పుకోలేదు. చట్టాలు ఇప్పటికే మోయలేనన్ని ఉన్నాయని, కొత్త నిబంధన వచ్చినప్పుడల్లా తాను చేయి తడపాల్సిన బల్ల ఇంకొకటి పెరుగుతోందని ఆయన బాధపడ్డారు. ఇద్దరూ అనుభవంతోనే మాట్లాడారు కాబట్టి ఎవరి మాటా తీసిపారేయలేకపోతున్నాను.

దీనికి తోడు ఇంకొక సందేహం ఉంది. మా వీధి చివర రాజకాలువ (పెద్ద వరదనీటి కాలువ) గోడ ఒరిగిపోతే ఎవరికి చెప్పాలో తెలియని స్థితి మాది. బృహత్ బెంగళూరు మహానగర పాలికె సభ్యుల (కార్పొరేటర్ల) పదవీకాలం 2020 సెప్టెంబరులో ముగిసింది. 2025 సెప్టెంబరులో పాలికెను ఐదు నగర పాలికలుగా విడగొట్టేదాకా మధ్యలో ఒక్క ఎన్నికా జరగలేదు. పైగా నా ఓటు ఇప్పటికీ పలమనేరులోనే ఉంది. ఇలాంటి పరిస్థితిలో ప్రజాస్వామ్యంలో పాలుపంచుకోవడమంటే మనలాంటివాళ్లు నిజంగా చేయగలిగినది ఏమిటి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు (న్యాయవాది, జయనగర)

నేను ఎక్కువగా మున్సిపల్ వ్యాజ్యాలు చూస్తుంటాను. మీ సంఘంలో మాట్లాడిన ఇద్దరి మాటా నిజమే గాని, ఇద్దరూ చూడని తేడా ఒకటి ఉంది. పౌరుడిని కట్టడి చేసే చట్టానికి గడువూ ఉంటుంది, జరిమానా కూడా ఉంటుంది. అధికారంలో ఉన్నవారిని కట్టడి చేసే చట్టానికి మాత్రం గడువు ఉన్నా, అది దాటితే ఎవరికీ ఏమీ కాదు. మీరు అడిగిన కార్పొరేటర్ విషయమే తీసుకోండి. 74వ సవరణ ద్వారా 1993లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగ అధికరణం 243-యు ప్రకారం మున్సిపాలిటీ పదవీకాలం ఐదేళ్లు, అది ముగిసేలోపే తరువాతి ఎన్నిక పూర్తి కావాలి. ఇంతకంటే స్పష్టమైన చట్టం ఇంకెక్కడుంటుంది? అయినా వార్డుల పునర్విభజన అని, రిజర్వేషన్ల జాబితా అని, కొత్త చట్టం అని కారణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, ఒక పూర్తి పదవీకాలమంత సమయం గడిచిపోయింది. అదే కాలంలో ఆస్తిపన్ను ఆలస్యంగా కట్టిన ఇంటి యజమాని వడ్డీతో సహా చెల్లించాడు. పాలకుల నిజాయితీని నేను ఇక్కడే కొలుస్తాను: తమకు వర్తించే గడువును వారు పాటిస్తున్నారా, లేదా? మేనిఫెస్టో సంగతి ఆ తరువాత.

ఇక అతిచట్టాల విషయానికి వస్తే, ఇళ్లు కట్టించే ఆయన బాధ ఈ ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది. 30×40 అడుగుల స్థలంలో నాలుగు వైపులా నిబంధనల ప్రకారం ఖాళీ వదిలి, అనుమతించిన అంతస్తులకే పరిమితమై కట్టిన ఇళ్లు ఒక వీధిలో ఎన్ని కనిపిస్తాయో మీరే చూడండి. దాదాపు అందరూ ఉల్లంఘించే నియమం ఉన్నప్పుడు ఎవరిపై చర్య తీసుకోవాలో, ఎవరిని వదిలేయాలో నిర్ణయించే అధికారం తనిఖీకి వచ్చిన మనిషి చేతిలోకి వెళ్తుంది. లంచం పుట్టేది అక్కడే. తరువాత ప్రభుత్వం అక్రమ-సక్రమ పేరుతో నివాస భవనాల్లో 50 శాతం వరకు, వాణిజ్య భవనాల్లో 25 శాతం వరకు ఉల్లంఘనలను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేయాలనుకుంది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. 2024 డిసెంబరులో అదే కోర్టు, నివాసయోగ్యత పత్రం లేని భవనాలకు కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వకూడదని ఆదేశించింది. ఆ తీర్పులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాని నియమాన్ని మొదటినుంచీ అందరికీ సమానంగా అమలు చేయకుండా దశాబ్దాల పాటు కళ్లు మూసుకున్న వ్యవస్థకు ఏ శిక్షా పడలేదు, చివర్లో ఇల్లు కట్టుకున్న చిన్న మనిషి మాత్రం తాత్కాలిక కనెక్షనుతో కాలక్షేపం చేయాల్సి వచ్చింది.

రాజకీయ నిజాయితీకి సంబంధించిన చట్టాల్లోనూ ఇదే జబ్బు ఉంది. పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఎన్నికల ఖర్చుకు పరిమితి 40 లక్షల రూపాయలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు. పార్టీలు చేసే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. గెలిచినా ఓడినా అభ్యర్థి ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో తన ఖర్చు లెక్క సమర్పించాలి. ఆ లెక్కలో ఎంత నిజం ఉంటుందో మన ఊళ్లలో ఎన్నికలు చూసిన వారికి నేను చెప్పనక్కర్లేదు. ప్రజాప్రతినిధిగా ఒక వ్యక్తి సంతకం చేసే మొదటి పత్రాల్లో ఒకటి అబద్ధంతో నిండి ఉండటం, అది అందరికీ తెలిసి కూడా ఎవరూ పట్టించుకోకపోవడం నన్ను నిజంగా కలవరపెడుతుంది. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో వచ్చింది, 2003లో మరింత బిగించారు. అయినా 2019లో ఇదే కర్ణాటకలో 17 మంది ఎమ్మెల్యేలపై అనర్హత వేటు పడింది, ఆ తరువాత వచ్చిన ఉపఎన్నికల్లో వారిలో చాలామంది కొత్త పార్టీ గుర్తుపై పోటీ చేసి గెలిచారు. చట్టాన్ని ఇంకెంత బిగిస్తే వారిని ఆపగలిగేవాళ్లమో మీ పెద్దాయనను అడగండి.

జవాబు (వార్డు కమిటీ మాజీ సభ్యురాలు, బాణసవాడి)

లాయరు గారు చెప్పిన మొదటి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, కాని చట్టాలు ఎక్కువయ్యాయన్న ఫిర్యాదును ఆయన కొంచెం సులువుగా ఒప్పుకున్నారనిపించింది. ఇల్లు కట్టుకునేవారికి చట్టం అడ్డంగా కనిపించవచ్చు. మా వీధి మలుపులో పూలమ్మే ఆవిడకు మాత్రం 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఒక్కటే ఆధారం. ఆ చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి, సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఇలాంటి చట్టాన్ని అనవసరపు భారమని ఎలా అంటాం? ఏ చట్టం ఎవరికి అవసరమో అడగకుండా సంఖ్య ఎక్కువా తక్కువా అని లెక్కపెడితే బలహీనులకే నష్టం. 2005 నాటి సమాచార హక్కు చట్టమూ అలాంటిదే. పది రూపాయల రుసుముతో, 30 రోజుల్లో జవాబు అడిగే హక్కు సామాన్యుడికి అంతకు ముందు ఎక్కడుంది?

ఇక మీరు ఏం చేయగలరన్న ప్రశ్నకు, మేము చేసింది చెబుతాను. రాజ్యాంగం అధికరణం 243-ఎస్ ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలి. బెంగళూరులో అవి ఊరికే రాలేదు, పౌరులు హైకోర్టుకు వెళ్లి పట్టుబట్టాక కదలిక వచ్చింది. మా కమిటీలో మొదట్లో అందరూ చెత్త, దోమలు, వీధిదీపాల గురించి ఫిర్యాదులు చదివి ఇంటికి వెళ్లిపోయేవారు, ఇంజనీరు గారు తలూపి రాసుకునేవారు. మేము ఫిర్యాదులు తగ్గించి కాగితాలు అడగడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. ఒకసారి కాలిబాట పని ముగిసిందని బిల్లు సిద్ధమైంది. పని అంచనా పత్రం, కొలతల పుస్తకం రెండూ తెప్పించుకుని, సాయంత్రం పూట నలుగురం టేపు పట్టుకుని ఆ బాట వెంట నడిచాం. రాళ్ల కింద కాంక్రీటు ఎంత మందం వేశారో చూడటానికి అంచున ఒక రాయి లేపించాం. పుస్తకంలో రాసిన మందానికి, అక్కడ కనిపించిన దానికి పొంతన లేదు. ఎవరి మీదా కేకలు వేయలేదు. సమావేశం మినిట్స్‌లో రెండు అంకెలూ పక్కపక్కన రాయించి, అందరి చేతా సంతకాలు చేయించాం. ఆ బిల్లు సవరించాకే ముందుకు వెళ్లింది.

కౌన్సిల్ గడువు ముగిశాక ఈ సమావేశాలు నోడల్ అధికారుల చేతికి వెళ్లాయి. కొన్ని వార్డుల్లో శ్రద్ధగా జరిగాయి, చాలా చోట్ల మొక్కుబడిగా మిగిలాయి. అధికారికి బదిలీ భయం ఉంటుంది గాని మళ్లీ ఓటు అడగాల్సిన అవసరం ఉండదు కదా. అందువల్ల వార్డు కమిటీ ఉంటే కార్పొరేటర్ అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఒకరు లేకుండా మరొకరు పనిచేయలేరు.

ఇంకొక మాట. పెద్ద నిర్ణయాలపై కూడా ఈ నగర ప్రజలు మాట నెగ్గించుకున్నారు. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ వైపు ప్రతిపాదించిన ఉక్కు వంతెనకు వ్యతిరేకంగా 2016 అక్టోబరులో వేలమంది మానవహారంగా నిలబడ్డారు, 2017 మార్చిలో ప్రభుత్వం ఆ ప్రాజెక్టును విరమించుకుంది. అయితే అంతమంది రోడ్డెక్కాల్సి రావడమే ముందుగా సంప్రదింపులు జరగలేదనడానికి రుజువు. బిల్లులను చట్టసభకు తెచ్చే ముందు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని కేంద్రం 2014లో ఒక విధానం ప్రకటించింది, కాని అది చట్టం కాదు కాబట్టి పాటించకపోయినా అడిగే దిక్కు లేదు. నేను కోరే కొత్త చట్టం ఏదైనా ఉందంటే అది ఇదే.

జవాబు (వేళచ్చేరి, చెన్నై)

బెంగళూరు మిత్రులకు మా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను. చెన్నై కార్పొరేషన్‌కు కూడా 2016 అక్టోబరు నుంచి 2022 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగేదాకా ఎన్నికైన సభ్యులు లేరు. ఆ మధ్యకాలంలో వరదనీటి కాలువల పనులు జరగలేదని కాదు, జరిగాయి. కాని ఏ వీధికి ముందు, ఏ వీధికి వెనుక అన్నది ఎవరు నిర్ణయించారో అడిగితే జవాబు చెప్పే మనిషి ఉండేవారు కాదు. ఇప్పుడు 200 వార్డులకూ సభ్యులు ఉన్నారు, స్థానికులు కౌన్సిలర్‌తో కూర్చుని మాట్లాడే ఏరియా సభలూ వచ్చాయి. మా సభలో అన్నీ సక్రమంగా నడుస్తున్నాయని చెప్పను, హాజరయ్యేవారిలో పార్టీ మనుషులే ఎక్కువ. అయినా మా కౌన్సిలర్ కాలువ పని ఎందుకు ఆగిందో నలుగురి ముందు నిలబడి చెప్పాల్సి వస్తోంది, ఆ మార్పు చిన్నది కాదు.

జవాబు (మారతహళ్లి, బెంగళూరు)

ఓటు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో ఓటు వేయడానికి మనవాళ్లు ఈ నగరం నుంచి ఎలా తరలి వెళ్లారో అందరం చూశాం. బస్సుల్లో సీట్లు లేక నిలబడి ప్రయాణం చేసినవారున్నారు. ఆ రాష్ట్రంలో పోలింగు 80 శాతం దాటింది. అంతకు కొద్దిరోజుల ముందు, ఏప్రిల్ 26న బెంగళూరు దక్షిణ, సెంట్రల్ నియోజకవర్గాల్లో పోలైన ఓట్లు సగం కంటే కొంచెమే ఎక్కువ. సొంత ఊరిపై మమకారాన్ని నేను తప్పు పట్టను. కాని పన్ను ఇక్కడ కడతాం, పిల్లలు ఇక్కడే చదువుతారు, ఆ కాలువ నీళ్లు ఇక్కడే ఇంట్లోకి వస్తాయి, ప్రశ్నించే హక్కు మాత్రం ఇంకెక్కడో పెట్టుకున్నాం. చట్టప్రకారం సాధారణంగా నివసించే చోటే ఓటు ఉండాలి, రెండు చోట్ల ఉండకూడదు. చిరునామా మార్పుకు ఫారం 8 చాలు. నాయకుల నిజాయితీ గురించి అడిగే మనం ఈ ఒక్క విషయంలో నియమం పాటిస్తే మన మాటకు బలం వస్తుంది.

ప్రశ్న వేసిన వారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. బాణసవాడి మేడమ్ గారూ, కొలతల పుస్తకం నకలును దరఖాస్తులో ఏ పేరుతో అడగాలో చెప్పగలరా? లాయరు గారూ, మా పెద్దాయనకు మీ జవాబు చదివి వినిపించాను. అబద్ధం చెప్పిన నాయకుడిని శిక్షించకుండా వదిలేయమంటారా అని ఆయన పట్టు విడవడం లేదు.

జవాబు (బాణసవాడి)

పని పేరు, వార్డు పేరు, ఆర్థిక సంవత్సరం రాసి, "అంచనా పత్రం, పని ఆదేశం, కొలతల పుస్తకం, చెల్లించిన బిల్లుల ధ్రువీకృత నకళ్లు" అని అడగండి. "ఎందుకు", "ఎవరి తప్పు" లాంటి ప్రశ్నలు దరఖాస్తులో పెట్టకండి, వాటిని సాకుగా చూపి తిప్పి పంపుతారు. కాగితాలు మాత్రమే అడగండి.

జవాబు (న్యాయవాది, జయనగర)

పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి. అబద్ధానికి శిక్ష అని విస్తృతంగా రాసిన చట్టం ముందుగా వాడబడేది నాయకుల మీద కాదు, వారిని విమర్శించినవారి మీద. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పెడితే శిక్షించే ఐటీ చట్టంలోని 66-ఎ సెక్షన్ విషయంలో అలాగే జరిగింది. 2015 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ఆ తరువాత కూడా పోలీసులు దాని కింద కేసులు పెడుతూనే ఉన్నారని 2021లో అదే కోర్టు దృష్టికి వచ్చింది.

కాని ఆయన కోరికలో న్యాయమైన భాగం ఒకటి ఉంది. అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసుల గురించి నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో తప్పుడు వివరాలు ఇస్తే, ప్రజాప్రాతినిధ్య చట్టం 125-ఎ సెక్షన్ కింద గరిష్ఠంగా ఆరు నెలల జైలు లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ సెక్షన్ కింద శిక్ష పడినంత మాత్రాన పదవికి అనర్హత రాదు, ఎందుకంటే సాధారణ నేరాల్లో అనర్హతకు కనీసం రెండేళ్ల శిక్ష ఉండాలి. ఈ నేరానికి కనీస శిక్ష రెండేళ్లు చేయాలని, దాన్ని అనర్హతకు కారణంగా చేర్చాలని లా కమిషన్ 2014లో తన 244వ నివేదికలో సిఫారసు చేసింది. ఇక్కడ కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న సెక్షన్‌లో ఒక్క సవరణ చాలు. మీ సంఘం తరఫున ఈ ఒక్క అంశంపైనే మీ ఎంపీకి లేఖ రాయించండి. ముసాయిదా కన్నడంలో, ఇంగ్లీషులో నేను తయారు చేసి పంపుతాను, మొదటి సంతకం ఆ పెద్దాయన చేతే పెట్టించండి.