విండోస్ 10 సపోర్టు అయిపోయింది: ఐదో తరం ఐ3 ల్యాప్‌టాప్‌లో ఇప్పుడేం వెయ్యాలి?

తిరుచానూరు_రోడ్డు:
2016 నాటి ల్యాప్‌టాప్. ఐ3-5005యూ, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 వెర్షన్ 22హెచ్2. ఇంట్లో డీటీపీ పనంతా దీనిమీదే. తెలుగు కొట్టడానికి అను స్క్రిప్ట్, పేజీలు సర్దడానికి పేజ్‌మేకర్ 7, ప్రింటర్ క్యానన్ ఎల్‌బీపీ 2900బీ. రాత్రిపూట మా అబ్బాయి పీజీ నోట్స్‌కీ, ఆన్‌లైన్ క్లాసులకీ వాడుకుంటాడు. ఆన్ చేశాక మౌస్ మాట వినేలోపు కాఫీ తాగేసి రావచ్చు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయిందని రోజూ బోర్డు చూపిస్తా ఉండాది. గాంధీ రోడ్డులో ఒకాయన విండోస్ 11 వేసిస్తా అన్నాడు. ఇంకొకాయన విండోస్ తీసేసి లైనక్స్ వేసుకో అన్నాడు. ఏం చెయ్యమంటారు?

పెంగ్విన్_చిత్తూరు:
లైనక్స్‌లో మింట్ 22 అనే రకం, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ఎడిషన్ వేసుకోండన్నా. 2029 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. డబ్బు కట్టే పని లేదు, ప్రాసెసర్ ఏ తరం అని అడిగేది లేదు. ముందు 8 జీబీ పెన్ డ్రైవ్‌లోకి ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) రాసుకోండి, దాంతోనే బూట్ చేసి ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఓ గంట వాడి చూడండి. వైఫై, సౌండ్, స్క్రీన్ వెలుతురు తగ్గించడం, మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తుందా లేదా, ఈ నాలుగూ చూడాలి. హార్డ్ డిస్క్‌లో ఏదీ మారదు.

వైఫై దగ్గర జాగ్రత్త. ఆ రోజుల్లో వచ్చిన చవక ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో రియల్‌టెక్ 8723బీఈ కార్డు ఉంటుంది. కార్డుకి రెండు యాంటెనా పిన్నులుంటే కంపెనీవాళ్లు ఒక్కదానికే తీగ తగిలిస్తారు. డ్రైవర్ రెండోదాన్ని పట్టుకుంటే రూటర్ పక్కనే కూర్చున్నా సిగ్నల్ ఒక గీతే కనిపిస్తుంది. డ్రైవర్ ఆప్షన్లలో యాంటెనా ఎంపిక విలువను 2గా పెట్టి రీబూట్ చెయ్యండి. కుదరకపోతే 1 పెట్టి చూడండి. బ్రాడ్‌కామ్ కార్డైతే ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో తగిలించి నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్‌లోంచి వేసుకోవాలి.

పాకాల_జంక్షన్:
ముందు ఆ హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వెయ్యి సామీ. ఆ తర్వాత ఏదైనా మాట్లాడుకోవచ్చు.

సర్వీస్_బెంచ్:
పాకాల ఆయన చెప్పిందే మొదటి మాట. ఆ స్లో ఓఎస్ వల్ల కాదు, నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ వల్ల. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వేసి, చెడిన సెక్టార్ల లెక్క చెప్పే 05, సీ5 వరసలు చూడండి. ముడి విలువ సున్నా కాకపోతే ఈరోజే ఫైళ్లు బయటికి తీసెయ్యండి. ఆ డిస్క్‌మీద ఏ ఓఎస్ వేసినా దండగ.

2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, 7 మిల్లీమీటర్ల మందం, 240 లేదా 256 జీబీ చాలు. ర్యామ్ 8కి పెంచండి. డీడీఆర్3ఎల్ అనే అడగాలి, 1.35 వోల్టులది. స్టిక్కర్‌మీద పీసీ3ఎల్-12800 అని ఉండాలి. ఎల్ లేని పాత 1.5 వోల్టుల ముక్క అంటగడతారు, ఈ ప్రాసెసర్‌కి అది పనికిరాదు.

దానిమీద విండోస్ 11. అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే తీసుకుంటుంది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్ డ్రైవ్ తయారుచేసేటప్పుడు టీపీఎం, సెక్యూర్ బూట్, 4 జీబీ షరతులు తీసెయ్యమనే టిక్కు ఉంటుంది. అది పెట్టాలి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ తనంతట తాను ఆన్ కాకుండా ఆపే టిక్కు కూడా పెట్టండి. లేకపోతే రికవరీ కీ యాడుందో తెలియక డేటా మొత్తం పోగొట్టుకునేవాళ్లుంటారు. రూఫస్‌లోనే పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ యూఈఎఫ్ఐ అని ఎంచుకోండి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ 4.2 అనే ఆదేశాలు లేకుంటే అసలు బూటే అవదు. పాత కోర్ 2 డుయో ప్రాసెసర్లు అక్కడే ఆగిపోయినాయి. మీ 5005యూలో రెండూ ఉండాయి. భయం లేదు.

పెంగ్విన్_చిత్తూరు:
షరతులు తీసేసి వేసిన 11కి అప్‌డేట్లు రావు. ఈ సంగతి ఆయనకి చెప్పకుండా టిక్కు పెట్టు, టిక్కు పెట్టు అంటే ఎట్లా?

సర్వీస్_బెంచ్:
వస్తాయి. ప్రతినెలా రెండో మంగళవారం వచ్చే ప్యాచ్‌లు అన్నీ వస్తా ఉండాయి. రావని ఎవరు చెప్పినారు?

పెంగ్విన్_చిత్తూరు:
మైక్రోసాఫ్టే చెప్పింది. సపోర్టు లేని యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని రాసిపెట్టింది.

సర్వీస్_బెంచ్:
హామీ లేదు అంటే రావు అని కాదు. వస్తా ఉండాయి అని నేను చెప్తాండా. రోజూ నా రిపేరు బెంచి మీద చూసేది నేను.

స్వర్ణముఖి:
ఇద్దరూ రెండు వేరే సంగతులు మాట్లాడుతున్నారు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు వేరు, ఏడాదికోసారి మారే వెర్షన్ వేరు. మొదటివి ఇప్పటిదాకా వస్తున్నాయి. రెండోది ఇట్లాంటి యంత్రానికి దానంతటది రాదు. 24హెచ్2 హోమ్‌కి 2026 అక్టోబర్ 13 వరకు ప్యాచ్‌లు, 25హెచ్2కి 2027 అక్టోబర్ 12 వరకు. ఆ తేదీ దాటేలోపు మళ్లీ ఐఎస్ఓ దించి, రూఫస్‌తో పెన్ డ్రైవ్ చేసి, విండోస్ నడుస్తుండగానే అందులోని సెటప్ తెరిచి పైవెర్షన్‌కి ఎక్కించాలి. రూఫస్ 4.6 నుంచి అలా ఎక్కించేటప్పుడూ షరతులు దాటవేస్తుంది. ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉంటాయి.

పెంగ్విన్_చిత్తూరు:
అదే నేను చెప్పేది. రావు.

సర్వీస్_బెంచ్:
అదే నేనూ చెప్పేది. వస్తాయి.

అను_కీబోర్డ్:
అడిగినాయన డీటీపీ అన్నాడు, అది ఎవరైనా చూశారా? అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌కే ఉంది. పేజ్‌మేకర్ 7 అంతే. 32 బిట్ ప్రోగ్రామ్ కాబట్టి 64 బిట్ విండోస్ 10, 11 రెండింటిలోనూ తెరుచుకుంటుంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కోర్టు పిటిషన్లు, పదేళ్ల ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉంటాయి. ఫార్మాట్ చెయ్యకముందు ఫాంట్ల ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. మీ లైసెన్సు ఆ యంత్రానికే ముడిపడి ఉంటే కొత్త డిస్క్‌మీద తీసుకుంటుందో లేదో అమ్మినవాళ్లని ముందే అడగండి. శుక్రవారం ముహూర్తాల ముందు ఈ పని పెట్టుకోవద్దు.

పెంగ్విన్_చిత్తూరు:
ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే నిలిచే యూనికోడ్‌కి మారమనండి. మింట్‌లో ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతీ ఉంది. అనులో కొట్టిన వాక్యాన్ని ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. ఎందుకంటే లోపల ఉన్నది తెలుగు అక్షరాలు కాదు, ఇంగ్లీషు సంకేతాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. గూగుల్‌లో వెతికినా దొరకవు. ఇంకెన్నాళ్లు మోస్తారు దాన్ని?

అను_కీబోర్డ్:
ప్రెస్‌వాడు అను ఫైలే అడుగుతాడు. వాడు మారితే నేను మారతా. వత్తులు ఎక్కడ కూర్చోవాలో, అక్షరాల మధ్య ఖాళీ ఎంతుండాలో చేత్తో సర్దుకునే వీలు పాత పేజ్‌మేకర్‌లో అనుతో ఉన్నంతగా నాకింకెక్కడా దొరకలేదు.

సర్వీస్_బెంచ్:
ప్రింటర్ సంగతి కూడా చెప్పు పెంగ్విన్. ఎల్‌బీపీ 2900బీ. జిల్లాలో సగం జిరాక్సు షాపుల్లో అదే ఉండేది. దాన్ని మింట్‌లో నడిపించి చూపించు.

పెంగ్విన్_చిత్తూరు:
నడుస్తుంది. క్యానన్ వాళ్ల క్యాప్ట్ డ్రైవర్ వెయ్యాలి, 32 బిట్ లైబ్రరీలు కలపాలి, సీసీపీడీ అనే సర్వీసు బూటింగ్‌లోనే మొదలయ్యేలా పెట్టాలి.

సర్వీస్_బెంచ్:
ఎందుకు వెయ్యాలో కూడా చెప్పు. మామూలు ప్రింటర్ భాషలైన పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ రెండూ ఆ ప్రింటర్‌కి తెలీదు. పేజీ మొత్తాన్ని కంప్యూటరే చుక్కలుగా మార్చి, క్యానన్ సొంత భాషలో పంపాలి. ఆ డ్రైవర్ పాతది. లైనక్స్‌లో ఒక అప్‌డేట్ రాగానే సర్వీసు ప్రింటర్‌ని మరిచిపోతుంది, పేజీ క్యూలో ఇరుక్కుంటుంది. డీటీపీ చేసే మనిషి కస్టమర్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని టెర్మినల్ తెరిచి ఆదేశాలు కొట్టాల్నా? మీరు ఉచితంగా వేసిపోతారు. మూడు నెలలకి ఆ ల్యాప్‌టాప్ నా బెంచి మీదికి వస్తుంది. తిట్లు తినేది నేను.

పెంగ్విన్_చిత్తూరు:
తిట్ల సంగతే మాట్లాడుదాం. మా మామగారి ల్యాప్‌టాప్‌కి ఇక్కడే ఒక షాపులో 11 వేసిచ్చినారు, డబ్బు తీసుకున్నారు. వేసింది 23హెచ్2. 2025 నవంబర్ 11తో దానికి ప్యాచ్‌లు ఆగిపోయినాయి. ఆయన అప్‌డేట్ పేజీ తెరిస్తే ఆకుపచ్చ టిక్కు, అంతా బాగుంది అని. బ్యాంకు పనులన్నీ దాంట్లోనే. ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. మళ్లీ షాపుకి పోతే మళ్లీ డబ్బు. ఇది సర్వీసా?

సర్వీస్_బెంచ్:
ఆ షాపు నాది కాదు. ఎవరో చేసింది నా నెత్తిన రుద్దవాకండి.

పెంగ్విన్_చిత్తూరు:
మీరు కూడా చెప్పరు కదా. ఈ చర్చలోనే చూడండి. వెర్షన్ దానంతటది రాదనే మాట స్వర్ణముఖి చెప్పేదాకా మీ నోట రాలేదు. ర్యామ్ వోల్టేజి దాకా చెప్పారు, ఇదొక్కటి చెప్పలేదు.

సర్వీస్_బెంచ్:
చెప్తే అర్థం చేసుకునేదెవరు? యంత్రం తెచ్చే మనిషికి పని జరగాల. ఓఎస్ వెర్షన్ ఏంది, ఎప్పటిదాకా అని ఆయనకి పాఠం చెప్పేంత టైము నాకూ లేదు, వినేంత ఓపిక ఆయనకీ లేదు. పనిచేసే మిషన్ ఇయ్యడమే నా బాధ్యత. ఏడాది తర్వాత తెస్తే నేనే ఎక్కిస్తా.

పెంగ్విన్_చిత్తూరు:
నాకు మీతో ఉండే పేచీ అదే. విండోసా లైనక్సా కాదు. ఆయన మిషన్‌లో ఏముందో, ఎప్పుడు గడువు తీరుతుందో ఆయనకి తెలియాలి. తెలిశాక 11 వేసుకున్నా నేనేమీ అనను. తెలియకుండా మీ దగ్గరికే రావాల్సిన అవసరం పెట్టడం తప్పు.

సర్వీస్_బెంచ్:
మరి మింట్ వేసేవాడు? 2029 ఏప్రిల్ అని ఇక్కడ రాసినావు. పల్లెలో అయ్యవారికి వేసిచ్చినప్పుడు ఆయనకి చెప్పినావా? క్యాప్ట్ డ్రైవర్ ఆగితే ఏం చెయ్యాలో కాగితం రాసిచ్చినావా? నువ్వు కూడా నీకు ఇష్టమైంది ఆయన మిషన్‌లో వేసి పోతున్నావు. ఎవరికైనా తెలియాలి అంటే ఇద్దరికీ వర్తిస్తుంది.

పెంగ్విన్_చిత్తూరు:
వర్తిస్తుంది. కాదనను. రాసివ్వాల్సిందే.

స్వర్ణముఖి:
అడిగినాయనకి మూడో దారి ఉంది, అది ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. విండోస్ 10నే ఉంచి ఈఎస్‌యూలో (సపోర్టు అయిపోయాక కూడా ప్యాచ్‌లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ పథకంలో) చేరండి. 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. 22హెచ్2 ఉండాలి, మీకుంది. చేరడానికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాలి, ఒట్టి లోకల్ అకౌంట్‌తో చేరడం కుదరదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో చేరమనే లింకు ఉంటుంది. విండోస్ బ్యాకప్‌తో సెట్టింగులు సింక్ చేస్తే ఉచితం, లేదంటే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదంటే 30 డాలర్లు. లింకు కనపడకపోతే పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లన్నీ వేసి రీబూట్ చేసి చూడండి.

హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి క్లోన్ చేస్తే (డిస్క్ మొత్తానికి నకలు తీస్తే) అను, పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవర్ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. 500 నుంచి 240కి పోతున్నారు కాబట్టి ముందు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని 200కి కుదించండి. డీ డ్రైవ్ ఫైళ్లు బయటి డిస్క్‌లోకి మార్చి ఆ పార్టిషన్ తీసెయ్యండి. అయినా క్లోన్ చేసే ప్రోగ్రామ్ క్లోన్‌జిల్లా, గమ్యం డిస్క్ చిన్నదిగా ఉందని ఆగిపోతుంది. అప్పుడు నిపుణుల మోడ్‌లోకి పోయి, గమ్యం డిస్క్ సైజు చూడొద్దనే ఆప్షన్ పెట్టాలి. సాటా-యూఎస్‌బీ తీగ ఒకటి కావాలి. క్లోన్ అయ్యాక పాత డిస్క్ తీసేసి, కొత్తదాంతో ఒంటరిగా బూట్ చేసి చూడాలి. రెండూ తగిలించి ఆన్ చేస్తే ఏది బూట్ అయిందో తికమక పడతారు.

ల్యాప్‌టాప్ ఎలాగూ తెరుస్తారు కాబట్టి ఫ్యాన్ దుమ్ము తీసి థర్మల్ పేస్ట్ మార్చండి. మన ఎండాకాలంలో పదేళ్ల పేస్టు ఎండి పిండైపోయి ఉంటుంది. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే బోర్డుమీది నాణెం బ్యాటరీ మార్చండి. తేదీ తప్పైతే ఏ ఓఎస్ అయినా బ్యాంకు సైటు సర్టిఫికెట్ తప్పని తెరవదు.

తిరుచానూరు_రోడ్డు:
క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో చూశాను. సీ5 వరసలో పసుపు గుర్తు. ఫైళ్లు కాపీ మొదలుపెట్టాను. ఈఎస్‌యూ లింకు కూడా కనపడింది. ప్రస్తుతానికి 10నే ఎస్ఎస్‌డీమీద ఉంచుతా. సర్వీస్ అన్నా, సీ5 ఉన్న డిస్క్‌ని క్లోన్ చెయ్యొచ్చా?

సర్వీస్_బెంచ్:
నేరుగా చేస్తే చదవలేని సెక్టార్ దగ్గర ఆగిపోద్ది. ముందు ఫైళ్లు, ఫాంట్లు మొత్తం కాపీ కానీ. క్లోన్‌జిల్లాలో చెడ్డ సెక్టార్లు దాటిపొమ్మనే రెస్క్యూ ఆప్షన్ కూడా పెట్టు. అయ్యాక కొత్తదాంట్లో సీ డ్రైవ్‌కి చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు చూసేది), తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్ (విండోస్ ఫైళ్లు చూసేది) నడుపు. ఎస్ఎఫ్‌సీ సరిచెయ్యలేని ఫైళ్లున్నాయని చెప్తే క్లోన్ వద్దు, కొత్తగా 10 వేసి అను మళ్లీ ఎక్కించు. ర్యామ్ కొనేముందు కింది మూత తీసి స్లాట్లు ఒకటా రెండా చూడు. ఒకటే ఉంటే 4 కొనవాక, 8 ముక్క ఒకటి తీసుకో. ఈఎస్‌యూ గడువు 2026 అక్టోబర్ 13. కాగితంమీద రాసి స్క్రీన్ పక్కన అంటించుకో. నా దగ్గరికి వచ్చేవాళ్లకి కూడా ఇకనుంచి బిల్లు వెనక ఏ వెర్షన్, ఎప్పటిదాకా అని రాసిస్తా.

పెంగ్విన్_చిత్తూరు:
మింట్ పెన్ డ్రైవ్ కూడా ఒకటి పెట్టుకోండన్నా. విండోస్ లేవకపోయినా దాంతో బూట్ చేసి ఫైళ్లు బయటికి తీయొచ్చు.