మీథేన్ తినే ఆర్కియా నుంచి ఎలక్ట్రాన్లు బ్యాక్టీరియాకు ఎలా చేరతాయి?

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్, ఒక్కచోట ఇరుక్కుపోయాను.

సముద్రం అడుగు బురదలో ఆక్సిజన్ లేకుండానే మీథేన్ తినే ఆర్కియా (బ్యాక్టీరియాలా కనిపించినా వేరే జాతి సూక్ష్మజీవులు) ఉంటాయి కదా. వాటిని అంటుకుని, సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియా ఉంటాయి. అమెరికాలో ఒరెగాన్ తీరం దగ్గరి బురదలో ఈ గుంపులను చూపించిన పేపర్ 2000లో వచ్చింది. మీథేన్ నుంచి తీసిన ఎలక్ట్రాన్లు బ్యాక్టీరియాకు చేరాలి, అంతవరకు అర్థమైంది. వాటిని హైడ్రోజన్ మోసుకెళ్తుందని మొదట అనుకున్నారట. 2015లో వచ్చిన పేపర్లేమో తీగలో కరెంటు పారినట్టు నేరుగా వెళ్తాయంటున్నాయి. హైడ్రోజన్‌ను ఎందుకు పక్కన పెట్టారో ఎవరైనా సులువుగా చెప్తారా? మోల్ మీథేన్‌కు దక్కే శక్తే 20 నుంచి 40 కిలోజౌళ్లు, అందులో ఆర్కియాకూ బ్యాక్టీరియాకూ వాటా!

ఇంకో సందేహం, నవ్వకండి. చంద్రగిరి దగ్గర మా తాత వాళ్లింట్లో గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంది. అందులోనూ ఆక్సిజన్ ఉండదు, మీథేన్ కావలసినంత. మరి అక్కడ దాన్ని ఎవరూ ఎందుకు తినేయరు? పేడలో సల్ఫేట్ తక్కువ కాబట్టా, లేక ఈ జీవులు రెట్టింపు కావడానికే నెలలు పడుతుంది కాబట్టా? మా సార్ కచ్చితంగా ఇదే అడుగుతారు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.