ఐఎస్‌ఆర్ 4331: మేనేజ్‌మెంట్ పోర్టును హాస్టల్ లైనుకు వాడవచ్చా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
మా కాలేజీలో సిస్కో ఐఎస్‌ఆర్ 4331 రౌటర్ ఉంది. 0/0/0 పోర్టులో ఇంటర్నెట్, 0/0/1లో ఆఫీసు స్విచ్, 0/0/2లో ఫైబర్ మీద ల్యాబ్ భవనం. హాస్టల్‌కు మిగిలింది మేనేజ్‌మెంట్ పోర్టు (రౌటర్ సెట్టింగులు చూసుకోవడానికి ఇచ్చిన పోర్టు) ఒక్కటే. ఐపీ అడ్రసు ఇస్తే తీసుకుంటోంది, ల్యాప్‌టాప్ నుంచి పింగ్ చేస్తే పలుకుతోంది. ఇంటర్నెట్ మాత్రం రావడం లేదు. హాస్టల్ ఇక్కడికి సుమారు 180 మీటర్లు.

నాగావళి, రాయగడ:
దయచేసి ఆ పోర్టును వదిలేయండి. దాన్ని తయారీలోనే విడి వీఆర్‌ఎఫ్‌లో పెట్టారు. అంటే ప్యాకెట్ ఎటు వెళ్లాలో చెప్పే దాని రూటింగ్ పట్టిక వేరు, మిగతా మూడు పోర్టుల పట్టిక వేరు. అందుకే మీకు పింగ్ పలికినా, ప్యాకెట్ పక్క పోర్టుకు దాటదు. విద్యార్థులందరూ ఒకేసారి వీడియోలు చూసి లైన్లు నిండిపోయిన రాత్రి మీరు రౌటర్‌లోకి వెళ్లడానికి మిగిలే దారి అది. పెరటి గుమ్మానికి అడ్డంగా బియ్యం బస్తాలు పేర్చుకుంటామా?

అసలు 180 మీటర్లకు రాగి తీగ పనికిరాదు, ఈథర్‌నెట్‌కు దాని హద్దు 100 మీటర్లు. పైగా మన జిల్లాల్లో వానలు మొదలయ్యాయంటే పిడుగులే. రెండు భవనాల మధ్య రాగి తీగ లాగితే పిడుగు కరెంటు నేరుగా పోర్టుకే వస్తుంది. గాజు పోగులో కరెంటు నడవదు కాబట్టి హాస్టల్‌కు ఫైబరే వేయించండి. దాన్ని ఆఫీసు స్విచ్‌లోని ఎస్‌ఎఫ్‌పీ గూటిలో (ఫైబర్ మాడ్యూల్ దూర్చే చోటు) పెట్టి, హాస్టల్‌కు విడి వీలాన్ (అదే స్విచ్ మీద వేరుగా నడిచే నెట్‌వర్క్) ఇచ్చి, 0/0/1 మీద సబ్ఇంటర్‌ఫేస్‌లు (ఒక్కో వీలాన్‌కు ఒకటిగా పోర్టులో చేసుకునే భాగాలు) రాసుకుంటే సరిపోతుంది. రౌటర్‌కు కొత్త పోర్టు అక్కర్లేదు.

ప్రాణహిత, సిరొంచ:
పై సలహాతో ఏకీభవిస్తాను. ఒక మాట చేర్చాలి. మేనేజ్‌మెంట్ పోర్టుకు ఐపీ ఉండాలి, కన్సోల్‌కు (ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా రౌటర్‌కు కలిపే సాకెట్) ఏదీ అక్కర్లేదు. కాన్ఫిగరేషన్ మొత్తం చెరిగిపోయినా సెకనుకు 9600 బిట్ల వేగంతో లోపలికి వెళ్లవచ్చు. కన్సోల్‌కు ఆర్‌జే-45, మినీ యూఎస్‌బీ రెండు సాకెట్లున్నాయి. యూఎస్‌బీ తీగ తగిలించి ఉన్నంతసేపు ఆర్‌జే-45 వైపు టైపు చేసింది రౌటర్‌కు చేరదు. రౌటర్ పాడైందని కంగారు పడే ముందు ఆ తీగ చూడండి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
ఇద్దరికీ ధన్యవాదాలు. మా దగ్గర ఎస్‌ఎఫ్‌పీ గూటిలో పెట్టే పాత ఎస్‌ఎక్స్ ఫైబర్ మాడ్యూళ్లు రెండున్నాయి. అవి పనికొస్తాయా?

నాగావళి, రాయగడ:
దూరానికి సరిపోతాయి. కానీ అవి మల్టీమోడ్ రకం (తక్కువ దూరాలకు వాడే ఫైబర్), కేబుల్ కూడా అదే ఉండాలి. కొత్తగా తవ్వించి వేయిస్తున్నారు కనుక ఎక్కువ దూరాలకు వాడే సింగిల్‌మోడ్ కేబుల్ వేయించి, రెండు చివరలా దానికి సరిపడే ఎల్‌ఎక్స్ మాడ్యూళ్లు పెట్టండి, 10 కిలోమీటర్ల వరకు పలుకుతాయి. ఆ స్విచ్ ఏ మాడ్యూళ్లను అంగీకరిస్తుందో కొనే ముందే చూసుకోండి.