ఆందోళన జబ్బు ఉన్న తమ్ముణ్ణి చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగవచ్చా?

ప్రశ్న – పర్లాకిమిడి నుంచి

మా తమ్ముడికి ఇరవై రెండేళ్లు. బస్సెక్కితే గుండెదడ, ఊపిరాడనట్టు ఉండడం, చేతులు వణకడం వంటి బాధలు చాలాకాలంగా ఉంటే, ఇ.సి.జి. బాగానే ఉందనీ ఇది ఆందోళన జబ్బనీ చెప్పి బరంపురంలో మానసిక వైద్యులు ఇటీవల మందులు మొదలుపెట్టారు. ఆ తరువాత నిద్ర ఇంకా తగ్గింది. పైగా "నేను మీ అందరికీ బరువే" అంటున్నాడు. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అమ్మ భయం. ఇటువంటి జబ్బులో ఆ ప్రమాదం నిజంగా ఉంటుందా?

మొదటి జవాబు – బరంపురం

అమ్మా, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. చాలామందికి అడిగే మనిషి దొరకడమే ఊరట. నలుగురిలో కాకుండా, అతను ఒక్కడే ఉన్నప్పుడు, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. "పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అంటే లేవనే జవాబు వస్తుంది.

ఆందోళన జబ్బు ఉన్నవారిలో అత్యధికులు ప్రాణం మీదికి తెచ్చుకోరు. అయితే దానికి డిప్రెషన్, నిద్రలేమి, తాగుడు తోడైతే ప్రమాదం పెరుగుతుంది. మీరు రాసినవాటిలో గుండెదడ కన్నా "బరువు" అన్న మాటే నన్ను కలవరపెట్టింది.

రెండో జవాబు – రాయగడ, మందుల దుకాణం

ఆ మాత్రలు ఎస్.ఎస్.ఆర్.ఐ. (ఆందోళనకూ డిప్రెషన్‌కూ ఎక్కువగా ఇచ్చే మందులు) రకమైతే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా కొందరికి కంగారు, నిద్రలేమి పెరుగుతాయి. ఇటువంటి మందులు మొదలుపెట్టినప్పుడు 24 ఏళ్ల లోపువారిని దగ్గరగా గమనించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో హెచ్చరికను విస్తరించింది. అలాగని మీ అంతట మీరు ఆపవద్దు. ఈ మార్పును ఇవాళే డాక్టరుకు ఫోన్లో చెప్పండి. నిద్ర కోసమని డాక్టరు చీటీ లేకుండా ఆల్ప్రజోలామ్ అనే మత్తు మాత్ర అడిగేవారు మా దుకాణానికీ వస్తారు, దయచేసి ఆ దారి పట్టవద్దు. మాత్రల పెట్టె, పొలం మందులు తాళంలో ఉంచి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి.

మూడో జవాబు – గుణుపురం

ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలి మానస్ 14416 రాత్రీ పగలూ ఉచితం, తెలుగు ఎంచుకోవచ్చు. ఆత్మహత్యాయత్నాన్ని పోలీసు కేసుకు జంకి దాచేవారు మన వైపు ఇంకా ఉన్నారు గాని, 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ అటువంటి మనిషికి శిక్ష కాదు, చికిత్స అందాలంటుంది.

ప్రశ్న వేసినవారు

అడిగాను. అప్పుడప్పుడు అనిపిస్తోందన్నాడు, డాక్టరుకు ఒడియాలో గుండెదడ గురించి చెప్పగలిగాడు గాని ఇది చెప్పలేకపోయాడట. ఫోన్ చేస్తే రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నారు. ఈ రాత్రి వాడి గదిలోనే పడుకుంటున్నాను. డాక్టరు గదిలో వాడి పక్కన కూర్చుని నేనే మాట్లాడవచ్చా, లేక వాణ్ణి ఒంటరిగా వదలాలా?

మొదటి జవాబిచ్చినవారు

మొదట ఇద్దరూ వెళ్లండి, మీరు గమనించినవి చెప్పండి. తరువాత కాసేపు అతన్ని డాక్టరుతో వదిలి బయటికి రండి. రాత్రి ఏమాత్రం తేడా కనిపించినా తెల్లవారేదాకా ఆగక 108కి ఫోన్ చేయండి.