అనన్య అంటే ‘ఇంకొకరు లేనిది’ అనేనా? చెల్లి పుట్టాక వచ్చిన సందేహం

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాటకు అర్థం అడుగుదామని మొదలుపెట్టాను. వెతుకుతూ ఉంటే జవాబు కూడా కొంత దొరికింది, అందుకని రెండూ కలిపి రాస్తున్నాను. పొడుగైతే మన్నించండి.

మా తమ్ముడికి ఈమధ్యే రెండో పాప పుట్టింది. మరదలు పురిటికి పుట్టింటికి వెళ్లింది. వాళ్లది అంబాజీపేట దగ్గర పల్లె. పెద్దదానికి అయిదేళ్లు, పేరు అనన్య. పదకొండో రోజు పురిటి స్నానానికి నేనూ వెళ్లాను. అందరూ పాప చుట్టూ ఉంటే అనన్య నన్ను అరుగు మీదికి లాక్కెళ్లి, “అత్తా, నా పేరు మార్చేస్తారా?” అంది. ఎందుకే అన్నాను. “అనన్య అంటే ఇంకెవరూ లేనిది అని అమ్మ చెప్పింది. ఇప్పుడు చెల్లి ఉందిగా” అంది.

అదేం లేదమ్మా అని దగ్గరికి తీసుకున్నాను. కానీ దానికి అర్థమయ్యేలా నేనేం చెప్పలేకపోయాను. రాజమండ్రి తిరిగి వచ్చేదాకా అదే ఆలోచన. అయిదేళ్ల పిల్ల తన పేరును అంత శ్రద్ధగా పట్టుకుంటే, పెద్దవాళ్లం మనం “సాటిలేనిదట, బాగుందిలే” అనుకుని వదిలేశాం.

మాట నిర్మాణం అందరికీ తెలిసిందే. ‘న’ అనే నిషేధం అచ్చు ముందు ‘అన్’ అవుతుంది. అంతం లేనిది అనంతం, ఆది లేనిది అనాది, అలాగే అన్ + అన్య = అనన్య. చిక్కంతా ‘అన్య’లో ఉంది. అన్య అంటే ఇతరం అనీ అర్థం, వేరైనది అనీ అర్థం. మొదటిది తీసుకుంటే ‘మరొకరు లేనిది’, రెండోది తీసుకుంటే ‘వేరు కానిది’. పేర్ల జాబితాల్లో మొదటి అర్థం మాత్రమే కనిపిస్తుంది. (ఆ జాబితాల మీద నాకు చాలా కోపం. సగం పేర్లకు ‘లక్ష్మీదేవి’ అనో ‘పార్వతి’ అనో రాసి ఊరుకుంటారు. మాట ఏ వాక్యంలో, ఎవరి నోట వచ్చిందో ఒక్కరూ చెప్పరు.)

గీత తొమ్మిదో అధ్యాయంలో “అనన్యాశ్చింతయంతో మాం” అని ఉంది. అక్కడ మరో ధ్యాస లేనివాళ్లు అని చెప్పుకుంటాం. అది మనసు గురించిన మాట, తోబుట్టువుల లెక్క కాదు. అయినా నాకు కావలసిన జవాబు అక్కడ దొరకలేదు, సుందరకాండ ఇరవై ఒకటో సర్గలో దొరికింది. అశోకవనంలో సీత గడ్డిపోచను మధ్యన పెట్టుకుని రావణుడితో అంటుంది:

శక్యా లోభయితుం నాహమైశ్వర్యేణ ధనేన వా
అనన్యా రాఘవేణాహం భాస్కరేణ ప్రభా యథా

ఐశ్వర్యం చూపించో ధనం చూపించో నన్ను ఆశపెట్టడం నీ వల్ల కాదు. సూర్యుడికి వెలుగు ఎలాగో రాఘవుడికి నేను అలా, వేరు కానిదాన్ని. ఇక్కడ అనన్య అంటే ఒంటరిది కాదు. సరిగ్గా దానికి ఎదురు అర్థం. మనిషిని ఎత్తుకొచ్చి సముద్రానికి అవతల పెట్టినా, విడిగా ఉన్నానని ఒప్పుకోని మనిషి చెప్పుకున్న మాట అది.

ఇంకో సంగతి. యుద్ధకాండ చివర అగ్నిప్రవేశం అయ్యాక రాముడు కూడా ఇదే మాట అంటాడు: “అనన్యా హి మయా సీతా భాస్కరేణ ప్రభా యథా”. ఆమె అన్నప్పుడు ఆయన వినలేదు, ఆయన సముద్రానికి ఎంతో దూరంగా కిష్కింధ దగ్గర ఉన్నాడు. అయినా అదే ఉపమానం, అవే మాటలు. అక్కడ రాముడు పెట్టిన పరీక్ష గురించి నాకు చాలా ప్రశ్నలున్నాయి, అది వేరే చర్చ. కానీ ఒకే మాట ఇద్దరి నోటా ఇలా రావడం చూసి, పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి శ్లోకం చదివి వినిపించాను. వాడు రెండోసారి చదవమన్నాడు. చదివితే, “అక్కా, రెండో పేరు కూడా ఇందులోనే ఉందే” అన్నాడు. ప్రభ! నాకు తట్టనే లేదు.

అప్పటికి వాళ్ల జాబితాలో ముందున్న పేరు అద్వితీయ. మంచి మాటే, ఉపనిషత్తులో “ఏకమేవాద్వితీయం” అని ఉన్నదే. కానీ రెండోది లేనిది అని రెండో పిల్లకు పేరు పెడితే రేపు అది కూడా అరుగు మీద ఇదే ప్రశ్న అడుగుతుంది.

మరదలికి మొదట నచ్చలేదు. “వదినా, ప్రభ అంటే మరీ పాత పేరు కాదూ?” అంది. వాళ్లమ్మగారు మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. ఆవిడకు రామాయణం కాదు, జగ్గన్నతోట గుర్తొచ్చింది. కనుమ రోజున పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, ప్రభల మీద వచ్చి ఆ కొబ్బరితోటలో కలుసుకుంటారు. వెదురుబద్దల చట్రానికి రంగురంగుల గుడ్డలు చుట్టి, భుజాల మీద ఎత్తుకుని, పంటచేలు, కాలువలు దాటించి తీసుకొస్తారు. కోనసీమలో పుట్టినవాళ్లకు ప్రభ అంటే మొదట కళ్లకు కట్టేది అదే. కోటప్పకొండ వైపు వాళ్లకైతే శివరాత్రి ప్రభలు. సంస్కృతంలో ‘భా’ అంటే ప్రకాశించడం. ప్రభాతం, ప్రభాకరుడు, ఆభ, విభ అన్నీ దాని పిల్లలే. (శోభ మాత్రం ఈ కుటుంబం కాదు, దాని ధాతువు శుభ్.) “ఆ రోజుల్లో ఆయన ప్రభ వెలిగిపోయింది” అని మనమూ అంటాం. ఇన్ని చోట్ల బతికి ఉన్న మాట పాతబడిందంటే నేను ఒప్పుకోను.

(తర్వాత చేర్చినది) ఈ పోస్టుకు వ్యాఖ్యలు చాలా వచ్చాయి. అన్నింటికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

పాపది ఉత్తర నక్షత్రం మూడో పాదం, దాని ప్రకారం పేరు మొదలవ్వాల్సిన అక్షరం ‘పా’ కదా, ‘ప్ర’ ఎలా సరిపోతుందని ఒకరు అడిగారు. అవకహడ చక్రం అంటే నక్షత్ర పాదాన్ని బట్టి పేరు మొదటి అక్షరం చెప్పే పట్టిక. అందులో ఇరవై ఏడు నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున 108 అక్షరాలు. ఉత్తరకు టే, టో, పా, పీ. పేరు సంయుక్తాక్షరంతో మొదలైతే మొదటి హల్లునే లెక్కలోకి తీసుకోవాలని, ప, పా అని హ్రస్వదీర్ఘాల తేడా పట్టించుకోనక్కర లేదని మా పురోహితులు చెప్పారు.

హస్త మూడో పాదానికి ‘ణ’ వచ్చిందని, ఆ అక్షరంతో పేరే లేదని ఒక తల్లి రాశారు. టెన్షన్ పడకండమ్మా. ఙ, ఞ, ణ లతో పేర్లు ఉండవు కాబట్టి వాటి బదులు వరసగా గ, జ, డ తీసుకోమని జ్యోతిషంలోనే చెప్పారు. భాష వైపు నుంచి ఇంకో దారి కూడా ఉంది. నమస్కారం, నాయకుడు లాంటి మాటల మూలధాతువులను ధాతుపాఠంలో (సంస్కృత ధాతువుల పట్టికలో) ‘ణ’తోనే చదువుతారు. వాడుకలోకి వచ్చేసరికి అది ‘న’ అవుతుంది, “ణో నః” అని పాణిని సూత్రం. నయన కూడా ఆ ‘ణీ’ ధాతువు నుంచి వచ్చిందే. నేనైతే పాపకు నయన అని పెట్టుకుంటాను. మీ ఇంటి పెద్దలను కూడా ఒక మాట అడగండి.

ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే బయటివాళ్లు ‘ప్రభా’ అని దీర్ఘం తీస్తారని ఒకరి బాధ. సంస్కృతంలో ఆ దీర్ఘం ఉన్నదే. సీతా, అనన్యా, ప్రభా మన తెలుగులోకి వచ్చేటప్పుడు సీత, అనన్య, ప్రభ అయ్యాయి. వీధిలోంచి పిలిచేటప్పుడు మనమే మళ్లీ దీర్ఘం పెడతాం. కాబట్టి అది తప్పు పలుకుబడి కాదు.

ఇంకా పేరు తేలలేదు, సర్టిఫికెట్ ఎలా అని అడిగిన తండ్రిగారికి: మన దేశంలో జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు లేకుండా కూడా నమోదు చేస్తారు. ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. తొందరపడి ఏదో ఒకటి రాయించకండి.

ఒక వ్యాఖ్య మాత్రం మనసులోంచి పోవడం లేదు. విజయనగరం వైపు నుంచి ఒకరు, వాళ్ల నాయనమ్మ పేరు తవిటమ్మ అని, ఆ పేరును పాప పేరులో కలపమంటే ఇంట్లో సిగ్గుపడుతున్నారని రాశారు. దయచేసి సిగ్గుపడకండి. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో, బిడ్డను ఎవరి చేతిలోనో పెట్టి గుప్పెడు తవుడు ఇచ్చి మళ్లీ కొనుక్కునేవారు. విలువ లేనిదని దిష్టి, చావు కన్నెత్తి చూడవని వాళ్ల ఆశ. పెంటయ్య, పుల్లయ్య పేర్ల వెనక ఉన్న కథా ఇంచుమించు ఇదే. పెంట మీద, పుల్లాకుల్లో (ఎంగిలి విస్తరాకుల్లో) దొర్లించి తెచ్చుకున్న పిల్లలు వాళ్లు. బిడ్డ దక్కితే చాలని ఒక తల్లి ఎంచుకున్న పేరది. ఎంత సంస్కృతం వెతికినా అంతకన్నా పెద్ద అర్థం ఉన్న పేరు నాకు దొరకలేదు. కలపడం కుదరకపోతే కనీసం ఆ కథైనా పాపకు చెప్పండి.

మా అనన్యకు నిన్న ఫోన్‌లో చెప్పాను. నీ పేరు అంటే ఎవరూ లేనిది అని కాదు, విడిపోనిది అని, సూర్యుడూ వెలుగూ లాగ అని. కాసేపు ఆలోచించి, “అయితే చెల్లి వెలుగా?” అంది. అవునన్నాను. “నేను?” అంది. నువ్వు ఆ వెలుగును విడవనిదానివి అన్నాను. దానికి ఎంత అర్థమైందో గానీ, పేరు మార్చొద్దని వాళ్ల నాన్నకు వెళ్లి చెప్పిందట.

బారసాల ఇరవై ఒకటో రోజున. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాసేటప్పుడు నాన్న చేతితో పాటు తన చెయ్యి కూడా ఉండాలని పట్టుబట్టి పలక మీద ప్రభ అని నేర్చుకుంటోంది. క్రారవడి వచ్చేసిందట. ‘భ’ కింద ఒత్తు గీత మాత్రం ఇంకా మర్చిపోతోంది.