ఎమ్మారైలో రింగ్ కనిపిస్తే బ్రెయిన్ క్యాన్సరేనా? బయాప్సీ తప్పదా?

గాజువాక_54
54 ఏళ్ల మనిషికి మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. ఇక్కడ వైజాగ్‌లోనే కాంట్రాస్ట్ ఎమ్మారై తీశారు. మెదడు కుడి ముందు భాగంలో (ఫ్రాంటల్) 3.4 సెం.మీ. 'రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్', చుట్టూ వాపు. కింద 'హై గ్రేడ్ గ్లయోమా లేదా ట్యూబర్‌క్యులోమా' అని రాశారు. ఒకటి క్యాన్సరు, ఇంకోటి టీబీ. రెండూ ఒకే రిపోర్టులో ఎలా రాస్తారండీ? ముందు టీబీ మందులు వాడి చూస్తే కుదరదా?

ఫిల్ములు_చదివేవాడు
రింగ్ అనేది జబ్బు పేరు కాదండి. కాంట్రాస్ట్ కింద ఎక్కించేది గాడోలినియం. మెదడు రక్తనాళాల గోడ దెబ్బతిన్న చోటే అది బయటికి కారి తెల్లగా మెరుస్తుంది. నడిమధ్య చచ్చిన కణజాలమో చీమో ఉంటే అక్కడికి చేరదు, నల్లగా ఉండిపోతుంది. గ్లయోబ్లాస్టోమా (గ్లయోమాల్లో అతి ఉధృతమైనది), టీబీ గడ్డ, చీముగడ్డ, వేరేచోటి నుంచి పాకిన క్యాన్సరు, అన్నీ ఇదే వేషం వేస్తాయి. బద్దెపురుగు (టేప్‌వార్మ్) సిస్టు కూడా అంతే, కానీ అది సాధారణంగా 2 సెం.మీ. దాటదు, రింగ్ లోపల ఓ పక్కకి చిన్న చుక్క కనిపిస్తుంది. (పంది మాంసం ముట్టని వాళ్లకూ వస్తుంది. గుడ్లు చేరేది కడగని కూరల మీదుగా.)

రిపోర్టులో డిఫ్యూజన్ (నీటి కదలిక), పెర్ఫ్యూజన్ (రక్తప్రసరణ), స్పెక్ట్రోస్కోపీ (గడ్డలోని రసాయనాలు) ఉన్నాయా చూడండి. చీమైతే నడిమి భాగం డిఫ్యూజన్‌లో మెరుస్తుంది. గ్లయోమా అయితే రింగ్ అంచున రక్తప్రసరణ ఎక్కువ, కోలిన్ (కణాలు పెరుగుతున్నాయనే గుర్తు) పెరిగి ఎన్‌ఏఏ (మంచి నరాల కణాల గుర్తు) పడిపోతుంది. లిపిడ్ (కొవ్వు) పీక్ ఉంది కాబట్టి టీబీయే అనేసుకోకండి, లోపల కుళ్లిన ట్యూమర్‌లోనూ అదే పీక్ వస్తుంది. ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. రెండో డాక్టరు ప్రతి స్లైసూ జరిపి చూడాలి, ఫిల్ము మీద అచ్చయినవి కొన్నే.

న్యూరో_వార్డు
'మందులు వేసి చూద్దాం' అన్నదానికి నా జవాబు: ఈ వయసుకి, ఈ సైజుకి వద్దు. టీబీ గడ్డ కరగడానికి నెలలు పడుతుంది. గ్లయోబ్లాస్టోమా వారాల్లోనే పెరిగిపోతుంది. ఈలోగా ఛాతీ, కడుపు సీటీ, హెచ్‌ఐవీ పరీక్ష చేయించండి. ఊపిరితిత్తిలో అసలు గడ్డ దొరికితే కథే మారిపోతుంది.

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సంగతి ఎవరూ చెప్పరు. వాపు తగ్గడానికి మంచి మందే. కానీ ఉన్నది లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సరు) అయితే ఆ మందుకే గడ్డ తాత్కాలికంగా కరిగి బయాప్సీలో ఏమీ దొరకదు. మనిషి స్పృహలో నిలకడగా ఉంటే, ముక్క తీసేదాకా ఆ మందు మొదలుపెట్టకుండా ఆగవచ్చా అని సర్జన్‌ని అడగండి. ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకండి, ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. ఫిట్స్ మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు.

గాజువాక_54
ధన్యవాదాలండి. ముక్క తీసే రోజు మేం చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

పథాలజీ_బల్ల
ఉంది, ఎక్కువ కేసులు చెడేది అక్కడే. నడిమధ్య నుంచి తీస్తే చచ్చిన పదార్థమే వస్తుంది, అంచు నుంచి కూడా రావాలి. ముక్కలు రెండు సీసాల్లోకి వెళ్లాలి. ఒకటి 10 శాతం ఫార్మలిన్, ముక్కకి పది రెట్ల ద్రవం. రెండోది స్టెరైల్ సెలైన్, టీబీ కల్చర్‌కీ (క్రిమిని పెంచి చూడటం) సీబీనాట్‌కీ (టీబీ క్రిమి జన్యు పరీక్ష). అంతా ఫార్మలిన్‌లో వేసేశారా, ఇక కల్చర్ ఆశ వదులుకోవాల్సిందే. అంతా సెలైన్‌లో వేసి మర్నాడు పంపితే కణాలు పాడై మార్కర్లు (గడ్డ రకం తేల్చే పరీక్షలు) పనిచేయవు. ఈ మాట ఆపరేషన్ ముందు రోజే చెప్పాలి.

గ్లయోమా అని తేలితే హెచ్‌పీఈ (ముక్కని మైక్రోస్కోపులో చూసిన) రిపోర్టుతో ఆగకండి. 2021 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ అనే జీన్‌లో మార్పు ఉందో లేదో తెలియనిదే పేరు పూర్తి కాదు. ముందు ఐడీహెచ్1 ఆర్132హెచ్, ఏటీఆర్‌ఎక్స్ స్టెయిన్లు (ముక్కకి రంగు వేసి చూసే పరీక్షలు). ఆ ఐడీహెచ్1 స్టెయిన్ ఒక్క రకం మార్పునే పట్టుకుంటుంది. 55 లోపు వాళ్లకి నెగెటివ్ వస్తే జీన్ సీక్వెన్సింగ్ కూడా చేయాలి, మీ పేషంటు ఆ గీతకి ఇవతలే ఉన్నారు. గ్లయోబ్లాస్టోమా అయితే ఎంజీఎంటీ అనే జీన్ పరీక్ష అడగండి, టెమోజోలమైడ్ అనే కీమో మందు ఎంత పనిచేస్తుందో అంచనాకి వస్తుంది. గ్రేడ్ 4 అని చూసి స్టేజి 4 అనుకోకండి, అది ఒళ్లంతా పాకిందని కాదు, కణాల తీరు.

అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, హైదరాబాదుకో రెండో అభిప్రాయానికి వెళ్తే కాగితాలు చాలవు. స్లైడులు, మైనం బ్లాకులు (ముక్కని మైనంలో భద్రపరిచినవి) కూడా ల్యాబ్ నుంచి సంతకం పెట్టి తీసుకోండి. బ్లాకుల్ని ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కదా.