అంబులెన్స్ ఉద్యోగిని, ఊరి సమావేశంలో ఎంతవరకు మాట్లాడొచ్చు?

నేను ఒక చిన్న పట్టణంలో అంబులెన్స్ మీద పనిచేస్తాను. వచ్చే వారం ఊరి సమస్యల మీద సమావేశం ఉంది, నన్నూ మాట్లాడమన్నారు. సరేనన్నాను గానీ అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంటి నంబర్లు. మొన్న రాత్రి టార్చిలైటు పట్టుకుని గేటు గేటుకీ పరుగెత్తాను. ఒక నంబరును తీగ కప్పేసింది, ఇంకోదానికి రంగు పోయి సగం అంకే మిగిలింది. చివరికి ఒక పిల్లాడు రోడ్డు మీదికొచ్చి చెయ్యి ఊపితే ఇల్లు తెలిసింది. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ (ఛాతీని పదేపదే గట్టిగా నొక్కడం), గుండెకు ఇచ్చే కరెంటు షాక్ రెండూ అందకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. మేం వెతుక్కునే నిమిషాలూ అందులోవే. అందుకే ఇంటికొకరైనా సీపీఆర్ నేర్చుకోవాలని గట్టిగా చెప్పాలనుంది. సందుల్లో అడ్డంగా ఆపే బళ్ల సంగతి సరేసరి.

చిక్కేమిటంటే, ఉదాహరణలన్నీ పేషెంట్ల ఇళ్ల నుంచి వచ్చినవే. చిన్న ఊరు కదా, పేరు చెప్పకపోయినా ఎవరిల్లో పోల్చేస్తారు. వాళ్ల కష్టం నలుగురి నోళ్లలో పడటం నాకు ఇష్టం లేదు. ఉదాహరణ లేకుండా చెబితే ఎవరికీ పట్టదేమో.

ఇలాంటి ఉద్యోగాల్లో ఉండి బహిరంగంగా మాట్లాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముందే పైఅధికారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నారా? రెండు మూడు సంఘటనలు కలిపి ఒకటిగా చెప్పడం సబబేనా? ఇరుగుపొరుగు తమనే తప్పుపడుతున్నానని నొచ్చుకోకుండా బళ్ల విషయం ఎలా ఎత్తాలో కూడా చెప్పండి.